అరకు కోడి.. గోదావరి పెద్దకాలు!

అరకు వెళ్లినవాళ్లు బొంగులో చికెన్ తినకుండా తిరిగిరారు. మేమూ అంతే. ఘాట్ రోడ్డు పక్కన నిప్పుల మీద వరసగా ఆనించిన పచ్చి వెదురు బొంగులు, మూతికి కుక్కిన ఆకులు, సందుల్లోంచి బుసబుసమంటూ వచ్చే ఆవిరి... ఆ వాసన తగిలాక కారు ఆపకుండా ఎవరు మాత్రం పోగలరు? ఆకులో పోసిన ముక్కల్లో మా మనవడికి మెడ ముక్క వచ్చింది. వాడికి పన్నెండేళ్లు, డైనోసార్ల పిచ్చి. ఆ పొద్దున బొర్రా గుహలు చూసినప్పటి నుంచి ఒకటే ప్రశ్న.

“తాతా, ఈ గుహల్లో డైనోసార్లు ఉండేవా?”

“గుహల్లో లేవు గానీ, నీ ఆకులో ఉందిరా” అన్నాను.

వాడు నమ్మలేదు. బొంగులు తిప్పుతున్న ఆవిడ కూడా నవ్వేసింది. “అది నాటుకోడి బాబూ” అంది.

నాటుకోడే. కాదనడం లేదు. కానీ పక్షులన్నీ డైనోసార్ల వంశమేనని శాస్త్రవేత్తలు తేల్చి చాలా ఏళ్లయింది. అందులోనూ ఆ ఆకులో ఉన్న మెడ ముక్క, పక్కనే పడేసిన వెదురు బొంగు... ఈ రెండూ కలిపితే భూమ్మీద నడిచిన అతిపెద్ద జంతువుల గుట్టు సగం అర్థమైపోతుంది. బొంగు లోపల ఖాళీ. అయినా గట్టిది, పైగా తేలిక. కోడి ఎముక కూడా అలాంటిదే. రెక్క మొదట్లోని ఎముకని విరిచి చూడండి, లోపల బోలుగా ఉంటుంది. కోడి ఊపిరితిత్తుల నుంచి బయల్దేరిన గాలి సంచులు ఎముకల్లోకి కూడా చొరబడతాయి. మెడలు చాచి చెట్ల కొసలు మేసిన రాక్షసబల్లులకి సరిగ్గా ఇదే ఏర్పాటు ఉండేది.

వాటిని సౌరోపాడ్లు అంటారు. స్తంభాల్లాంటి నాలుగు కాళ్లు, కొండంత పొట్ట, ఇటు పొడుగాటి మెడ, అటు పొడుగాటి తోక, ఆ మెడ చివర చూస్తే నవ్వొచ్చేంత చిన్న తల. అర్జెంటీనాలో దొరికిన పటగోటైటన్ అయితే సుమారు 37 మీటర్లు. మూడు ఆర్టీసీ బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆపినంత. బరువు 55 నుంచి 70 టన్నుల మధ్య ఉంటుందని అంచనా. పన్నెండు, పదిహేను ఏనుగుల పెట్టు! మరి నేల మీద ఇప్పటిదాకా పుట్టిన పాలిచ్చే జంతువుల్లో ఏదీ 20 టన్నులకి మించి పెద్దగా పోలేదు. ఇవి అంత ఎలా పెరిగాయి? గడ్డీ గాదం తిని?

ఈ ప్రశ్నకి జవాబులో మొదటి మెట్లు మన గోదావరి లోయలోనే ఉన్నాయి. ఆ సంగతి తెలిసినవాళ్లు మనలో చాలా తక్కువ.

బొర్రాలో ఎందుకు లేవు?

ముందు మనవడి ప్రశ్నకి జవాబు చెప్పాలి కదా. అరకు కొండలు డైనోసార్ల కంటే చాలా చాలా పాతవి. ఇక్కడి రాయిని ఖోండలైట్ అంటారు. ఈ కొండల్లో బతికే ఖోండుల పేరే దానికి పెట్టారు. కోణార్క్ ఆలయం కట్టింది ఈ రాయితోనే. దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట ఈ రాళ్లు భూమి లోపల చాలా లోతున, పెనం మీద కాదు, కొలిమిలో పెట్టినట్టు కాలి, నలిగి, రూపం మారిపోయాయి. అలాంటి రాయిలో ఎముకలు దొరకవు. అసలు అప్పటికి ఎముకలున్న జంతువే పుట్టలేదు. బొర్రా గుహల సున్నపురాయీ ఆ పాత కాలానిదే. లోపల వేలాడే ఆకారాలు మాత్రం తర్వాత నీటి బొట్లు కట్టిన శిల్పాలు.

ఎముక మిగలాలంటే దాన్ని బురదో ఇసకో తొందరగా కప్పెయ్యాలి. అంటే నది కావాలి, పల్లం కావాలి. ఆ పల్లం అరకు నుంచి నేరుగా పడమరకి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్రాణహిత, గోదావరి కలిసే చోటు. భూమి పొర బీటలు వారి కుంగిపోయిన పొడుగాటి తొట్టి అది. కోట్ల ఏళ్లపాటు నదులు అందులో ఒండ్రు నింపుతూ పోయాయి. సింగరేణి బొగ్గు కూడా ఆ తొట్టిలోదే. డైనోసార్లు బొగ్గు పొరల కంటే పైన, అంటే తర్వాతి కాలం పొరల్లో ఉన్నాయి.

ఆ రోజుల్లో మన తూర్పు కనుమల పక్కన బంగాళాఖాతం లేదు. అంటార్కిటికా ఉంది! రెండూ అతుక్కునే ఉండేవి. ఇప్పుడు మంచు కింద ఉన్న అంటార్కిటికా తూర్పు తీరంలోనూ మన అరకు రాళ్లకి చుట్టాలైన రాళ్లే కనిపిస్తాయి. అంటే గోదావరి తొట్టిలో మేసిన జంతువుకి తూర్పుగా నడుచుకుంటూ పోతే సముద్రం అడ్డం వచ్చేది కాదన్నమాట.

లెక్కల సంస్థకి దొరికిన ‘పెద్దకాలు’

కలకత్తాలో పి.సి. మహలనోబిస్ పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పేరు చాలామంది వినే ఉంటారు. పంచవర్ష ప్రణాళికల లెక్కలు, సర్వేలు... అంతా అంకెల వ్యవహారం. అక్కడ డైనోసార్ ఏం చేస్తోందనేగా మీ అనుమానం? మహలనోబిస్‌కి ఏ శాస్త్రమైనా కొలతలతోనే బతుకుతుందని గట్టి నమ్మకం. లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే పురాజీవ శాస్త్రవేత్తని పిలిపించి, 1957లో భూగర్భ విభాగం పెట్టించారు. ఆ బృందం గోదావరి లోయ మీద పడింది.

1958 నుంచి 1961 దాకా పోచంపల్లి దగ్గర ఎముకలు బయటపడుతూనే ఉన్నాయి. చీరల పోచంపల్లి కాదండోయ్! ఇది ప్రాణహిత ఆవలి గట్టున, మహారాష్ట్ర సిరొంచ ప్రాంతంలో ఉన్న ఊరు. మొత్తం 300 దాకా ఎముకలు. కనీసం ఆరు జంతువులవి. పక్కనే రాయిగా మారిన పెద్ద పెద్ద చెట్ల మొద్దులు. ఏదో వరదలో మంద మొత్తం చచ్చిపోయి, చెట్లతో పాటు కొట్టుకొచ్చి ఉంటుందని ఊహ. వాటిలో ఒక తొడ ఎముక 1.7 మీటర్లు. అంటే దాదాపు అయిదున్నర అడుగులు, ఓ మనిషి నిలువెత్తు! దాన్ని చూసి ‘బడా పా’ అన్నారు, అంటే పెద్దకాలు. 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం. రెండూ కలిపి 1975లో శాస్త్రీయంగా పేరు ఖాయం చేశారు. బరపాసారస్ టాగోరై. కవికి డైనోసార్‌ని అంకితమిచ్చిన దేశం మరొకటి ఉందో లేదో నాకైతే తెలీదు.

పేరు పెట్టిన శాస్త్రవేత్తలు జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, ఛటర్జీ. 1977 నాటికి ఆ అస్థిపంజరాన్ని కలకత్తా సంస్థ మ్యూజియంలో నిలబెట్టారు. ముక్కు నుంచి తోక కొస దాకా సుమారు 14 మీటర్లు, బతికుండగా బరువు ఏడు టన్నుల వరకు. వయసు సుమారు 18-19 కోట్ల ఏళ్లు. ఎముకలు దొరికిన పొరకి కోటా పొర అని పేరు. రాజస్థాన్ కోటా కాదు, ప్రాణహిత గట్టునే ఉన్న చిన్న ఊరు.

ఇక్కడో ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఆ ఎముకలు కలకత్తా చేరుతున్న రోజుల్లోనే ఆ సంస్థలో జె.బి.ఎస్. హాల్డేన్ పనిచేసేవారు. ప్రపంచ ప్రఖ్యాత జీవశాస్త్రవేత్త. ఇంగ్లండ్ వదిలేసి 1957లో ఇక్కడికొచ్చి భారతీయుడైపోయిన మనిషి. జంతువు సైజు గురించి 1926లో ఆయన రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ కాలేజీల్లో చెబుతారు. దాని సారం మన ఇంట్లో పీటతో చెప్పుకోవచ్చు. పీటని పొడవు, వెడల్పు, ఎత్తు మూడు వైపులా పది రెట్లు పెంచారనుకోండి. బరువు పది రెట్లు కాదు, వెయ్యి రెట్లవుతుంది. పీట కోళ్ల మందం చూస్తే, అడ్డంగా కోసినప్పుడు కనిపించే ముఖం వంద రెట్లే పెరుగుతుంది. అంటే ఆ కోళ్ల మీద ప్రతి అంగుళానికీ పది రెట్ల భారం. పీట విరుగుతుంది. కథల్లో రాక్షసుడు నిజంగా ఉంటే మొదటి అడుగుకే తొడ విరిగి పడతాడు.

బరపాసారస్ తొడ విరగలేదు కదా! ఎందుకంటే దాని కాళ్లు బల్లి కాళ్లలా పక్కలకి చాచి లేవు. మండపం స్తంభాల్లా నిటారుగా పొట్ట కిందే ఉన్నాయి. బరువంతా ఎముక మీదుగా తిన్నగా నేలలోకి దిగుతుంది. ఏనుగు కాలూ ఇంతే. కాబట్టి కాళ్ల లెక్క తేలింది. అసలు చిక్కు నోటి దగ్గర ఉంది.

నమలడం మానేస్తే ఏమవుతుంది?

పార్వతీపురం మన్యం జిల్లా రైతులని అడగండి, ఏనుగు తిండి అంటే ఏమిటో చెబుతారు. ఒడిశా వైపు నుంచి దిగిన మంద ఒక్క రాత్రిలో తోటలకి తోటలు ఊడ్చేస్తుంది. పెద్ద ఏనుగుకి రోజుకి 150 కిలోల మేత కావాలి. అది తినడానికి రోజులో 16 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఎందుకంత సేపు? నమలాలి కాబట్టి. నమలడానికి ఇటుకంత దంతాలు, వాటిని మోయడానికి పెద్ద దవడ, దవడ ఆడించడానికి కండలు... వెరసి తల వందల కిలోలు. అంత తలని పొడుగాటి మెడ చివర వేలాడదీయడం కుదరదు. అందుకే ఏనుగుకి మెడ లేదు, తొండం ఉంది. పైగా ఆ దంతాలు జీవితం మొత్తానికి ఆరు జతలే వస్తాయి. చివరి జత అరిగిపోయిందంటే తిండి కరువే. ఇంకో ఏనుగంత పెరగాలంటే రోజుకి గంటలు చాలవు!

సౌరోపాడ్ ఏం చేసిందంటే, నమలడమే మానేసింది. ఆకు పట్టుకో, తెంపు, మింగు. అంతే. బరపాసారస్‌వి దొరికిన పళ్లు మూడే. చెంచా ఆకారంలో, అంచున పెద్ద పెద్ద గరుకులతో ఉన్నాయి. తెంపడానికి పనికొస్తాయి గానీ నూరడానికి కాదు. మరి అరిగేదెలా? పొట్టే పెద్ద కాగు. అందులో ఆకులు రోజుల తరబడి పులుస్తాయి. గేదె కూడా పులియబెట్టుకునేదే గానీ, అది మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నెమరేస్తుంది. దీనికి ఆ ఓపిక లేదు. కోడికి కందనకాయలో రాళ్లు ఉన్నట్టు వీటికీ పొట్టలో రాళ్లుండి పిండి చేసేవని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. జర్మన్ శాస్త్రవేత్తలు ఉష్ట్రపక్షి పొట్టలోని రాళ్లతో పోల్చి చూస్తే లెక్క కుదరలేదు. సౌరోపాడ్ల ఎముకల దగ్గర దొరికే రాళ్లు మరీ తక్కువ. కాబట్టి ఆ మాట కొట్టేయొచ్చు.

ఇక గొలుసు చూడండి. నమలక్కర్లేదు కాబట్టి తల చిన్నదైనా చాలు. తల చిన్నది కాబట్టి మెడ ఎంత పొడుగైనా సాగొచ్చు. మెడ పొడుగైతే కదలకుండా నిలబడి చుట్టుపక్కలంతా మేయొచ్చు. వంటింట్లో పీట మీద కూర్చుని, లేవకుండానే చెయ్యి చాపి పోపుల పెట్టె, నూనె గిన్నె, పెరుగు కుండ అన్నీ అందుకునే అమ్మమ్మలు గుర్తున్నారా? అదే సూత్రం. ఏడు టన్నుల ఒళ్లుని పది అడుగులు నడిపించడం కంటే మెడ తిప్పడం ఎంత చవక!

జిరాఫీ మెడ మహా అయితే రెండు, రెండున్నర మీటర్లు. చైనాలో దొరికిన మామెంచిసారస్ జాతిలో ఒకదాని మెడే 15 మీటర్లు ఉంటుందని 2023లో లెక్కగట్టారు. అంటే మన బరపాసారస్ ఒళ్లంతా కలిపితే ఉన్నంత మెడ! జిరాఫీకి మెడలో ఏడే పూసలు, మనకున్నన్నే. సౌరోపాడ్లు పూసల సంఖ్యే పెంచుకున్నాయి.

సరే, అంత గొట్టంలోంచి ఊపిరి పీల్చడం ఎలా? చాలా పొడుగాటి స్ట్రాతో బొండం తాగి చూడండి. పీల్చిందంతా స్ట్రాలోనే ఉండిపోయి, నోటికి చుక్క రాదు. మనలాంటి ఊపిరితిత్తులైతే సౌరోపాడ్ తను వదిలిన పాడు గాలినే మళ్లీ మళ్లీ పీల్చుకుంటూ చచ్చేది. ఇక్కడే మన అరకు కోడి పనికొస్తుంది. పక్షికి ఊపిరితిత్తుల ముందూ వెనకా గాలి సంచులుంటాయి. గాలి ఒకే దిక్కుగా ప్రవహిస్తుంది. పీల్చినప్పుడూ తాజా గాలే, వదిలినప్పుడూ తాజా గాలే ఊపిరితిత్తుల్లోంచి పోతుంది. సౌరోపాడ్ల పూసల్లో కనిపించే గుంటలు, గదులు అలాంటి సంచులు చేసిన గుర్తులే. పనిలో పనిగా మెడ బరువూ తగ్గింది. తర్వాతి కాలపు మహాకాయాల పూసలు కొన్నింటిలో సగానికి పైగా గాలే. వెదురు బొంగులన్నమాట. ఆ పెద్ద ఒంట్లో పుట్టే వేడిని బయటికి పంపడానికి కూడా ఈ గాలి పనికొచ్చి ఉంటుంది. పళ్లలోని రసాయనాలు చూసి 2011లో లెక్కవేస్తే వీటి ఒంటి వేడి 36-38 డిగ్రీలు తేలింది. మనంతే.

జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం కేంద్రంగా మార్టిన్ సాండర్ నాయకత్వంలో ఒక బృందం ఏళ్ల తరబడి దీని మీదే పనిచేసింది. మేత నిపుణులు, ఎముకల నిపుణులు, పక్షుల నిపుణులు... అందరూ కలిసి. వాళ్లు చెప్పిన దాంట్లో నాకు నచ్చింది ఏమిటంటే, మహాకాయానికి ఒకే కారణం లేదు. పాత లక్షణాలు రెండు (నమలకపోవడం, గుడ్లు పెట్టడం), కొత్తవి రెండు మూడు (గాలి సంచులు, వేగంగా పెరగడం) ఒక్కచోట కూడాయి. అప్పట్లో భూమ్యాకర్షణ తక్కువ, ఆక్సిజన్ ఎక్కువ, అందుకే పెరిగాయి అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లున్నారు. భూమ్యాకర్షణ అప్పుడూ ఇంతే. ఆక్సిజన్ సంగతైతే, జురాసిక్ కాలంలో ఇప్పటికంటే ఎక్కువుందని రుజువు లేదు.

గుడ్ల మాట చెప్పాలి. ఏనుగు 22 నెలలు మోసి ఒక్క పిల్లని కంటుంది. అంత పెద్ద జంతువులు తక్కువగా ఉంటాయి. ఓ కరువో తెగులో వస్తే ఆ లోటు పూడటానికి తరాలు పడుతుంది. సౌరోపాడ్ గుడ్లు పెట్టి పోయేది. మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో 92 గూళ్లు, 256 గుడ్లు దొరికాయని ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన హర్ష ధీమన్, గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్ తదితరులు 2023 జనవరిలో ప్రకటించారు. ఒక్కో గుడ్డు 15-17 సెంటీమీటర్లు, చిన్న సైజు కొబ్బరిబొండమంత. ఒక్కో గూట్లో ఒకటి నుంచి ఇరవై దాకా. పది కిలోలైనా తూగని పిల్ల రెండు మూడు పదుల ఏళ్లలో టన్నులకి టన్నులు ఎక్కేది. చెట్టు కాండంలో వలయాల్లా ఎముకలో ఉండే గీతలు చూసి ఈ సంగతి చెబుతారు.

లోయలో మెట్లు

ఇప్పుడు మళ్లీ గోదావరికి వద్దాం. అర్జెంటీనాలో 37 మీటర్ల జంతువు దొరికితే ప్రపంచమంతా ఫొటోలు వేసింది. బాగానే ఉంది. కానీ ఇల్లు ఎంత ఎత్తుందో చూడటం వేరు, మెట్లు ఎలా కట్టారో చూడటం వేరు. గోదావరి లోయలో మెట్లు ఒకదాని మీద ఒకటి రాతి పొరలుగా ఉన్నాయి.

అడుగున మలేరి పొర. పైన ధర్మారం పొర. ఇంకా పైన కోటా పొర. మొదటి రెండూ ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఊళ్ల పేర్లే. మలేరి పొర పైభాగంలో నంబాలియా, జక్లపల్లిసారస్ అనే జంతువులు దొరికాయి. 2011లో పేర్లు పెట్టారు. ఒకటి నంబాల, ఇంకోటి జక్లపల్లి. మన పల్లెల పేర్లు అంతర్జాతీయ పత్రికల్లో అలా అచ్చయ్యాయి! ఇవి 20 కోట్ల ఏళ్లకి పైబడినవి. సౌరోపాడ్ల వంశమే గానీ ఇంకా చిన్నవి, తేలికపాటివి. రెండు కాళ్ల మీద నడిచే రకం. ధర్మారం పొరలో, దాని పైభాగంలో లాంప్లుసారా ఉంది. సుమారు 10 మీటర్ల భారీకాయం. పమేలా లాంప్లు రాబిన్సన్ పేరే దానికి 2007లో పెట్టారు. దానికి పైన కోటా పొరలో అసలు సిసలు సౌరోపాడ్లు రెండు. బరపాసారస్ ఒకటి, దాని కథ విన్నాం. రెండోది కోటాసారస్.

ఈ రెండింటి ఎముకల్లో మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి. కాళ్లు అప్పటికే స్తంభాలయ్యాయి. వెన్నుపూసలు మాత్రం ఇంకా పూర్తిగా బొంగులు కాలేదు. బరపాసారస్ పూసలకి పక్కన లోతు తక్కువ గుంటలే ఉన్నాయి. బరువు దించుకునే పని అప్పుడప్పుడే మొదలైందన్నమాట. అంటే ముందు కాళ్లు కుదిరాయి, తర్వాత ఎముకలు తేలికయ్యాయి, ఆ తర్వాతే 30, 40, 60 టన్నులు. అడుగు తర్వాత అడుగు.

మధ్యలో ఓ దెబ్బ కూడా తగిలింది. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట ఇప్పటి దక్షిణాఫ్రికా, అంటార్కిటికా ప్రాంతాల్లో, అంటే అప్పటి మన ఇరుగుపొరుగు నేలలోనే, లావా పొంగి వాతావరణం తారుమారైంది. మెత్తటి ఆకుల మొక్కలు తగ్గి, గట్టి ఆకుల చెట్లు రాజ్యమేలాయి. పార్కుల్లో అంతస్తులు అంతస్తులుగా పెరిగే క్రిస్మస్ చెట్టు ఉంటుందే, ఆ అరౌకేరియా బంధువులు. సౌరోపాడ్ల చిన్నాన్న, పెదనాన్న పిల్లలంతా అక్కడితో అంతరించారు. పెద్ద పొట్ట, గట్టి పళ్లు ఉన్న ఒక్క శాఖే మిగిలింది. పటగోనియాలో 2020లో పేరు పెట్టిన బగువాలియా అనే జంతువు ఆధారంగా దియేగో పోల్ బృందం చెప్పిన మాట ఇది. ముతక మేతని రోజుల తరబడి పులియబెట్టగల కాగు ఉన్నవాడే బతికాడు. కాగు ఎంత పెద్దదైతే అంత లాభం.

ఆ పెద్దకాళ్ల మధ్య ఎవరు తిరిగేవారో తెలుసా? మన వంశం వాళ్లే. కోటా పొరలోనే గింజంత పళ్లున్న తొలి పాలిచ్చే జంతువులు దొరికాయి. చుంచెలుకంతటివి. 1981లో అందులో ఒకదానికి కోటాథీరియం హాల్డేనై అని పేరు పెట్టారు. సైజుల లెక్క చెప్పిన హాల్డేన్ పేరు అంత చిన్న ప్రాణికి అతికింది!

ఒకటి నిలిచింది.. ఒకటి కరిగింది

కోటాసారస్‌ని చూడాలంటే కలకత్తా దాకా అక్కర్లేదు, హైదరాబాద్ చాలు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు 1970ల చివర్లో యామన్‌పల్లి దగ్గర తవ్వితే ఒక్క చోటే 840 ఎముకలు బయటపడ్డాయి. కనీసం డజను జంతువులవి. పి. యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. సుమారు 9 మీటర్లు, రెండున్నర టన్నులు. బిర్లా సైన్స్ మ్యూజియంలోని డైనోసారియంలో ఆ అస్థిపంజరం నిలబడి ఉంది. పిల్లల్ని తీసుకెళ్లి ప్లానెటోరియం చూపించి వచ్చేసేవాళ్లే ఎక్కువ. ఈసారి ఓ అరగంట దీనికీ ఇవ్వండి.

అదే యాదగిరి, అయ్యస్వామితో కలిసి తమిళనాడు అరియలూరు దగ్గర కల్లమేడులో మరో జంతువుని వర్ణించారు. బృహత్కాయోసారస్. పేరులోనే మన సంస్కృతం, బృహత్తైన కాయం. ముణుకు కింది ఎముకే రెండు మీటర్లు! కొందరు శాస్త్రవేత్తలు ఇది 100 టన్నులు దాటి ఉంటుందని, భూమ్మీద నడిచిన వాటన్నిటిలో పెద్దదని అంటున్నారు. మరికొందరు ఒప్పుకోవడం లేదు. తేల్చుకుందామంటే ఎముకలు లేవు. వానకి, తేమకి తడిసి పొడి పొడిగా రాలిపోయాయి. ఫొటోలు, బొమ్మలు మిగిలాయి. ప్రపంచ రికార్డు ఒకటి మన చేతిలోంచి మట్టిలో కలిసిపోయిందేమోనని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఇలాంటి చోట్లని, శిలాజాలని కాపాడేందుకు 2022 చివర్లో కేంద్రం ఒక ముసాయిదా బిల్లు తెచ్చి అభిప్రాయాలు అడిగింది. ఈలోగా వానలు ఆగవు, ట్రాక్టర్లూ ఆగవు.

ఇదంతా తిరుగు దారిలో మనవడికి చెప్పుకుంటూ వచ్చాను. కొంత విన్నాడు, కొంత నిద్రపోయాడు. హైదరాబాద్ వచ్చాక డైనోసారియంకి తీసుకెళ్లాను. వాడు కోటాసారస్ ముందు చాలాసేపు నిలబడి, మెడ పూసలు లెక్కపెట్టి, చివరికి తల వైపు వేలు చూపించాడు.

“తాతా, ఈ తల నిజందేనా?”

కాదు. కోటాసారస్ తల ఎవరికీ దొరకలేదు, దొరికినవి రెండు పళ్లే. బరపాసారస్ సంగతీ అంతే, 300 ఎముకల్లో పుర్రె లేదు. నమలడం మానేసి చిన్నదిగా, పల్చగా చేసుకున్న తల కదా, వరదలో ముందు ఊడి కొట్టుకుపోయేది అదే. డజను జంతువుల తలలు, ఆరు జంతువుల తలలు... ప్రాణహిత గట్టున ఏ చేను కిందో, ఏ వాగు ఒడ్డునో ఉంటే ఉండాలి.

“అయితే మనం వెళ్లి వెతుకుదామా?” అన్నాడు వాడు. సంక్రాంతి సెలవులకి అనుకున్నాం.